‘పట్టుకోవచ్చా?’ అని అడిగిన కోచ్

పోయిన మంగళవారం పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతుంటే స్వరూప ఫోన్ చేసింది. యూనివర్సిటీలో నాతోపాటు కబడ్డీ ఆడిన స్వరూప ఇప్పుడు విద్యానగర్‌లో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. "మేడమ్ ఇగ లేదే," అన్నది. "నిద్రల్నే పోయిందట. వాళ్ల అక్కగారు చాయ్ తీస్కపోయి లేపితే లేవలేదట." ఏ మేడమ్ అని నేను అడగలేదు. పాఠాలు చెప్పిన మేడమ్‌లు నాకు చాలామంది ఉన్నారు గానీ, మా ఇద్దరి మధ్య ఆ మాటకు మనిషి ఒక్కరే. యూనివర్సిటీ అమ్మాయిల కబడ్డీ జట్టుకు ఏళ్ల తరబడి కోచ్‌గా ఉన్నావిడ.

ఆ పూట నేను క్లాసు మానలేదు. చెప్పాల్సిన పాఠం చివరిదాకా చెప్పాను. పని ఎగ్గొట్టడం ఆవిడకు ఏ కారణానికీ నచ్చేది కాదు. తన చావే కారణమంటే అసలు ఒప్పుకునేవారు కాదు.

ఆవిడ గురించి రాయమని పట్టుబట్టింది కూడా స్వరూపే. "రాస్తే నా సంగతి కూడా రాయాల్సి వస్తుందే," అన్నాను. "రాయి. నువ్వేమన్న తప్పు జేసినవా?" అన్నది. ఆ ప్రశ్న మేడమ్‌దే. స్వరూప దాన్ని తన యాసలోకి మార్చుకుంది, అంతే. అందుకని దాచకుండా రాస్తున్నాను.

మేడమ్ మనిషి పొట్టి. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. పెళ్లి చేసుకోలేదు. నర్సుగా రిటైరైన అక్కగారితో కలిసి ఒక పాత అపార్ట్‌మెంటు కింది వాటాలో ఉండేవారు. నేత చీర కట్టి, కాళ్లకు స్పోర్ట్స్ షూ వేసుకునేవారు. ఆదివారం చర్చి నుంచి నేరుగా గ్రౌండుకు వచ్చి, తెల్లచీర కుచ్చిళ్లు పైకి దోపి, ఎర్రమట్టిలో దిగిపోయేవారు. ఎవరు కనపడినా మొదట అడిగేది "ఏవమ్మాయ్, తిన్నావా?" అనే. మా మీద గెలిచిన జట్టును కూడా అలాగే అడిగి, మాకోసం తెచ్చిన పల్లీపట్టీలు వాళ్లకు పంచేసేవారు. మేం ఉడుక్కునేవాళ్లం.

నేను కడప జిల్లా నుంచి ఎం.ఏ. చదవడానికి వచ్చాను. హాస్టల్లో నా గది పంచుకున్న స్వరూప, జట్టులో ఒక మనిషి తక్కువైందని నన్ను గ్రౌండుకు లాక్కుపోయింది. "నువ్వు ఉరుకుతవు గదా, చాలు. మిగిలింది మేడమ్ చూస్కుంటది," అన్నది. నిజానికి నేను పరుగెత్తేది ఆటకోసం కాదు. ఎవరైనా వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తే నా కాళ్లు వాటంతటవే పరుగందుకునేవి. బస్సులో ఆడవాళ్ల సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చేదాన్ని. పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు కదా.

కారణం కూడా చెప్పేస్తాను. నేను మూడో తరగతిలో ఉండగా, ఉద్యోగం వెతుక్కుంటూ మా ఇంట్లో ఉన్న ఒక బంధువు, నాకు బాబాయి వరుస, నన్ను చాలాకాలం పాడుచేశాడు. ఇంతకంటే వివరంగా రాయను. ఇది మేడమ్ గురించిన వ్యాసం. అతనికి ఇందులో అవసరానికి మించి చోటివ్వడం నాకు ఇష్టం లేదు. అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర మాటలు కూడా లేవు.

కబడ్డీలో ఒకరు ఊపిరి తీసుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి జట్టులోకి వెళ్లాలి. దాన్నే కూతకు వెళ్లడం అంటాం. వెళ్లినవాళ్లను అవతలి జట్టువాళ్లు నడుమో కాలో పట్టుకుని కింద పడేస్తారు. మనిషి తాకితేనే ఉలిక్కిపడే నేను ఆ ఆటలోకి ఎలా దిగానా అని మీకు అనుమానం రావచ్చు. మేడమ్ గ్రౌండులో ఒక పద్ధతి ఉండేది. మరే కోచ్ దగ్గరా నేను దాన్ని చూడలేదు. ప్రాక్టీసులో కూతకు వెళ్లే అమ్మాయి మధ్యగీత దగ్గర నిలబడగానే అవతలివాళ్లు "పట్టుకోవచ్చా?" అని అడగాలి. ఆ అమ్మాయి "రా" అంటేనే పట్టు. "వద్దు" అంటే ఆమె వెళ్లి ఎవరినైనా తాకి రావచ్చు, ఆమెను మాత్రం ఎవరూ పట్టుకోకూడదు. ఎందుకు వద్దన్నావని అడగడం కూడా నిషేధమే. మరి మ్యాచ్‌లో అడగరు కదా మేడమ్ అంటే, "మ్యాచ్‌లోకి దిగడం అంటేనే రమ్మనడం. దిగాలా వద్దా అనేది నీ చేతిలో పని," అనేవారు.

మొదటిరోజు స్వరూప నా ఎదురుగా చేతులు చాచి "పట్టుకోవచ్చా?" అని అడిగింది. నేను "వద్దు" అన్నాను. ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు. అయినా అవతలి జట్టు మొత్తం చేతులు దించేసింది. మేడమ్ విజిల్ కూడా వేయలేదు, "సరే, వెళ్లిరా" అన్నారు. నేను వెళ్లి ఒకరిని తాకి తిరిగి వచ్చాను. వచ్చి పక్కన కూర్చుని ఏడ్చాను. నేను వద్దంటే మనుషులు ఆగిపోవడం చూడటం అదే మొదటిసారి. మేడమ్ వచ్చి కొంచెం దూరంలో కూర్చుని, కోర్టులో మిగిలిన గులకరాళ్లు ఏరడం మొదలుపెట్టారు. కాసేపటికి నేనూ ఏరాను.

వర్షాకాలమంతా నేను "వద్దు" అంటూనే గడిపాను. ఎవరూ విసుక్కోలేదు. తర్వాత ఒకరోజు "చెయ్యి వరకే" అన్నాను. స్వరూప నా మణికట్టు పట్టుకుంది, విదిలించుకోగానే వదిలేసింది. ఇంకో రోజు "కాలు కూడా" అన్నాను. పట్టుకున్న కాలును ఎలా మెలితిప్పి లాక్కోవాలో, మీద పడినవాళ్ల బరువును ఎటు దొర్లించాలో మేడమ్ ఓపిగ్గా చూపించారు. మొదటిసారి పట్టు తప్పించుకుని గీతను తాకినప్పుడు, కింద పడిపోయిన స్వరూపకు "సారీ" చెప్పాను. మేడమ్ గ్రౌండు అదిరేలా అరిచారు. "సారీ ఏంటమ్మాయ్! తప్పించుకున్నందుకు సారీ చెబుతారా? పాయింటు తీసుకో!"

ఈ అలవాటు మమ్మల్ని ఒకసారి నవ్వులపాలు చేసింది. ఒక పెద్ద టోర్నమెంటులో అవతలి జట్టు నుంచి గట్టి అమ్మాయి కూతకు వచ్చింది. ఆమె గీత దాటగానే స్వరూప అలవాటు కొద్దీ "పట్టుకోవచ్చా?" అని అడిగేసింది. ఆ పిల్ల బిత్తరపోయి "ఏందీ?" అంది. కూత ఆగింది, అంపైర్ ఔట్ ఇచ్చాడు. వాళ్ల కోచ్ గోల గోల చేశాడు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే మేడమ్ మాత్రం ముఖం గంటు పెట్టుకున్నారు. సాయంత్రం అందరినీ వరసగా నిలబెట్టి, "ఆ మాట ఇంకోసారి మ్యాచ్‌లో ఎవరైనా వాడితే జట్టులో ఉండరు. అది ఎత్తుగడ కాదు," అన్నారు. అంత కోపం ఆవిడలో ఎప్పుడూ చూడలేదు. ఆ మాట ఆవిడకు ఎందుకంత ముఖ్యమో అప్పటికి మాకు తెలియదు.

నాకు పరుగు ఉంది, ఒడుపు వచ్చింది, గొంతు మాత్రం లేవలేదు. "లోపల పెట్టుకుంటే కూత అంపైరుకు వినపడదమ్మాయ్," అనేవారు. ఒక సాయంత్రం నన్ను తార్నాక చౌరస్తాకు తీసుకెళ్లి, ఫుట్‌పాత్ మీద నిలబెట్టి, తాను రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయారు. బస్సులు, ఆటోలు, కోచింగ్ సెంటర్ల నుంచి వదిలిన పిల్లలు, ఆ రొదంతా మధ్యలో. నేను ఆటోను పిలవాలి. అది అవతల తనకు వినపడాలి. నా మొదటి పిలుపులు నా చున్నీ కూడా దాటలేదు. చివరికి ఒళ్లు మండి "ఆటో!" అని అరిచాను. రెండు ఆటోలు ఒకేసారి వచ్చి ఆగాయి. "యాడికి మేడమ్?" అన్నాడు ఒకాయన. ఎక్కడికీ కాదంటే "టైంపాస్ జేస్తున్నవా?" అని తిట్లు మొదలుపెట్టాడు. మేడమ్ ఆయాసపడుతూ రోడ్డు దాటి వచ్చి, ఇద్దరు డ్రైవర్లకూ చాయ్ ఇప్పించి, అదే ఆటోలో నన్ను హాస్టల్లో దింపారు. దారంతా నవ్వుతూనే ఉన్నారు.

ఆ ఎండాకాలం అమ్మ నుంచి ఫోన్ వచ్చింది. చెల్లెలు పదో తరగతి పాసైంది. ఇంటర్ హైదరాబాదులో చదివిద్దామనుకుంటున్నారు. ఆ బాబాయి అప్పటికి మల్కాజ్‌గిరిలో కాపురం పెట్టాడు. "హాస్టల్ ఎందుకు పాపా, సొంత మనిషి ఇల్లుండంగా. వాడే రమ్మంటాండాడు. పరుపు, పెట్టె ముందే పంపిచ్చినాం. ఆదివారం పిల్లను దిగబెట్టను నేనొస్తాండా," అంది అమ్మ సంతోషంగా. నేను "ఊఁ" అని పెట్టేశాను. సాయంత్రం కూతకు వెళ్లి కోర్టు మధ్యలో ఆగిపోయాను. ఊపిరి ఉంది, మాట రాలేదు. మేడమ్ ప్రాక్టీసు స్వరూపకు అప్పజెప్పి, "ఇంటికి వస్తావా?" అని అడిగారు.

ఆవిడ ఇంటి హాల్లో కూర్చుని అన్నీ చెప్పాను. మొదటిసారి, మొదటినుంచి. అక్కగారు ఒకసారి వచ్చి, నీళ్లు పెట్టి, వంటింటి తలుపు చేరవేసుకుని వెళ్లిపోయారు. మేడమ్ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అయ్యాక, "దగ్గర కూర్చోవచ్చా?" అన్నారు. నేను తల ఊపాక వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇందులో నీ తప్పేమన్నా ఉందా?" అన్నారు.

"తెలియదు మేడమ్."

"నాకు తెలుసు. లేదు. ఇక ముందు పని చూద్దాం. అమ్మకు నువ్వు చెబుతావా, నేను చెప్పనా, ఇద్దరం కలిసి చెబుదామా, అది నీ ఇష్టం. ఇప్పుడు వద్దంటే ఇంకో సాకు వెతికి పిల్లను ఆపుదాం. కానీ చెల్లెలు మాత్రం ఆ ఇంటి గడప తొక్కదు. అది నీ ఇష్టమూ కాదు, నా ఇష్టమూ కాదు. తొక్కదు, అంతే."

నాకు అప్పుడు భయం వేయలేదని చెబితే అబద్ధం. అమ్మ నమ్మకపోతే? నమ్మి కూడా, పరువు పోతుంది నోరు మూసుకోమంటే? చిన్నప్పుడు నేను దాటివచ్చింది చెల్లెలు దాటగలదా? ఆదివారానికి మూడు రోజులే ఉంది. కానీ సాకు వద్దనుకున్నాను. సాకు ఈ సంవత్సరానికి పనికొస్తుంది, వచ్చే సంవత్సరం అతను మళ్లీ పిలుస్తాడు. "నేనే చెబుతాను మేడమ్. మీ ఇంట్లో చెబుతాను," అన్నాను.

ఆదివారం అమ్మా చెల్లెలూ కాచిగూడలో రైలు దిగి నేను చెప్పినట్టు నేరుగా తార్నాకలో మేడమ్ ఇంటికి వచ్చారు. చెల్లెలిని స్వరూప క్యాంపస్ చూపిస్తానని తీసుకెళ్లింది. ఆవిడ చర్చికి వెళ్లని ఆదివారం నాకు తెలిసి అదొక్కటే. మేడమ్ వరండాలో కుర్చీ వేసుకుని, నాకు కనపడేలా, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. నేను అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పాను. అమ్మ చేతిలో కొంగు కొస నలుగుతూ ఉంది. ముఖం మాత్రం కదల్లేదు.

"నా ఇంట్లోనా?" అంది చివరికి. "నేను ఇంట్లో ఉండంగానే? మరి నాకెందుకు చెప్పల్యా పాపా?"

మేడమ్ వెనక్కి తిరక్కుండానే అన్నారు. "ఆ ప్రశ్న తర్వాత అడుగుదువుగాని అమ్మా. ముందు ఆ పిల్లకు నీ నోటి నుంచి ఒక మాట కావాలి."

అమ్మ నావైపు చూసింది. "నమ్ముతాండా," అంది. "నువ్వు చెప్పిన ప్రతి మాటా నమ్ముతాండా పాపా." ఆ తర్వాత గోడకు తల ఆనించి పెద్దగా ఏడ్చింది. ఏడుపు పూర్తి కాకముందే లేచి నిలబడింది. "నా బిడ్డ పరుపు వాడింట్లో ఉండాది. తెచ్చుకోవల్ల."

మేడమ్ స్కూటర్ తాళం తీశారు. ఆడమనిషి నడిపే బండి ఎక్కడం అమ్మకు అదే మొదలు. కొంగు నడుముకు చుట్టి ఎక్కింది. నన్ను రమ్మనలేదు, "రావాలనుందా?" అని మాత్రం అడిగారు మేడమ్. వద్దన్నాను. గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాను. అక్కగారు నాకొక కుర్చీ వేసి, పక్కన తానూ కూర్చున్నారు.

తిరిగి వచ్చేసరికి అమ్మ ఒళ్లో పరుపుచుట్ట, బండి ముందు పెట్టె. అమ్మ జుట్టంతా రేగిపోయి ఉంది. అమ్మ లోపలికి వెళ్లి ముఖం కడుక్కుంటుంటే మేడమ్ హెల్మెట్ తీసి నాతో అన్నారు. "మీ అమ్మ ఇంట్లోకే పోలేదే. వీధి మధ్యలో నిలబడి వాణ్ణి పేరు పెట్టి పిలిచి, వాడు చేసింది చెప్పింది. అన్ని వాకిళ్లూ తెరుచుకున్నాయి. ఆ ఇంటివాళ్లే సామాను తెచ్చి గుమ్మం బయట పెట్టారు. ఏం కూత అమ్మాయ్ అది! మల్కాజ్‌గిరి మొత్తం వినపడి ఉంటుంది." నేను నవ్వాను. ఆ రోజు నవ్వగలనని నేను అనుకోలేదు.

ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది కూడా నాకే వదిలారు. ఇచ్చాను. దాని వెంట తిరిగిన ప్రతిసారీ మేడమో అమ్మో నా పక్కన ఉన్నారు. అతని గురించి ఇంతే. చెల్లెలు యూనివర్సిటీకి దగ్గర్లోనే హాస్టల్లో చేరి ఇంటర్ చదివింది. సాయంత్రాలు మా గ్రౌండు పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది. నన్ను మాత్రం మేడమ్ కౌన్సెలర్ దగ్గరికి పంపారు. నేను మొరాయిస్తే, "మోకాలు వాస్తే ఫిజియో దగ్గరికి పోవా? ఇదీ అంతే," అన్నారు. వెళ్లాను. ఆట ఒక్కటే నన్ను బాగుచేసిందని నేను అనను. ఆవిడ కూడా అలా అనుకోలేదు.

యూనివర్సిటీ వదిలే రోజు ఆవిడతో కలిసి కోర్టు మీద నీళ్లు చల్లుతూ, ఆ అడిగే పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. పైపు పక్కన పెట్టి కొళాయి కట్టేశారు. "ఎక్కడా నేర్చుకోలేదమ్మాయ్. చిన్నప్పుడు నన్నెవరూ అడగలేదు. మా అక్క తప్ప ఎవరూ నమ్మలేదు కూడా. అడిగి ఉంటే ఎలా ఉండేదా అని చాలాకాలం అనుకున్నా. తర్వాత, అనుకోవడం దేనికి, నేనే అడుగుదాం అని మొదలుపెట్టా." మళ్లీ కొళాయి తిప్పారు. ఆ సాయంత్రం నాకు ఆవిడ మీద కలిగింది జాలి కాదు. గర్వం. నా కోచ్ ఈ మనిషి అని గర్వం.

బుధవారం చర్చి ఆవరణలో రకరకాల సంవత్సరాల అమ్మాయిలు పోగయ్యారు. కొందరు చంకలో పిల్లలతో, కొందరు ఆఫీసు కార్డులు మెడలో ఉండగానే. శవపెట్టె ఎత్తడానికి సంఘం మగవాళ్లు ముందుకు వచ్చారు. స్వరూప అడ్డంగా నిలబడి, "మేమే మోస్తం సార్," అన్నది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్కగారు కర్ర ఆనించుకుని లేచి, "ఆ పిల్లలే మొయ్యాలి. మా చెల్లి ఒప్పుకునేది వాళ్లకే," అన్నారు. మేం మోశాం. కుడివైపు నేను, నా వెనక నా చెల్లెలు. అడుగులు కలవకపోతే ఎవరో వెనకనుంచి "ఎడమ, కుడి" అని లెక్క చెప్పారు. కలిశాయి.

అంతా అయ్యాక నేనూ చెల్లెలూ తార్నాకలో మెట్రో ఎక్కాం. చెల్లెలు ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం చేస్తోంది. రాత్రంతా బస్సులో వచ్చింది, రెండు రోజులు బేగంపేటలో నా దగ్గర ఉండి వెళ్లాలని. పెద్దయ్యాక అన్నీ నేనే చెప్పాను, దానికి తెలుసు. సీటు దొరికింది. మెట్టుగూడ దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. బండి నిండా జనం. ఎవరు ఎక్కుతున్నారో, పక్కన ఎవరు కూర్చుంటున్నారో, ఎవరి మోచెయ్యి తగులుతోందో దానికి పట్టలేదు. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు రెండూ ఒళ్లో వదిలేసి, చంటిపిల్లలా పడుకుంది. నేను ఇప్పటికీ పదిమందిలో కళ్లు మూసుకోలేను. అది మూసుకుంది. తనకది గొప్ప అని కూడా తెలియకుండా మూసుకుంది.

బేగంపేట వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, కాసేపు ఆగి మూసుకున్నాయి. నేను దాన్ని లేపలేదు.